ఫీజు కట్టేముందు చూడాల్సిన కాగితాలు: బడి తల్లిదండ్రులకు ఏం చెప్పి తీరాలి?

తెలుగు రాష్ట్రాల్లో బడులు జూన్‌లో తెరుచుకుంటాయి గానీ ప్రైవేటు బడుల అడ్మిషన్లు అంతకు చాలా ముందే మొదలవుతాయి. సంక్రాంతి సెలవులు అయ్యీ అవకముందే పీఆర్వోల ఫోన్లు, 'ఈ నెలాఖరులోగా కడితే రాయితీ' అన్న మాటలు, అడ్వాన్సు చెల్లింపులు. అంతా అయ్యేసరికి తల్లిదండ్రుల చేతిలో మిగిలేది ఒక రంగుల బ్రోచరు, ఒక రసీదు. ఆ బడికి గుర్తింపు ఉందా, ఉంటే ఎన్నో తరగతి దాకా ఉంది, వచ్చే ఏడాది ఫీజు ఎంత, మధ్యలో మానేస్తే ఏమవుతుంది, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పుకోవాలి అన్నవి ఆ రెండింటిలోనూ ఉండవు.

ఈ సమాచారమంతా ఒకేచోట రాసి తల్లిదండ్రులకు ఇవ్వాలని చెప్పే చట్టం మన దేశంలో లేదు. 2009 విద్యాహక్కు చట్టంలో కొంత, 1982 రాష్ట్ర విద్యాచట్టం కింద వచ్చిన నిబంధనల్లో కొంత, సీబీఎస్ఈ నియమావళిలో కొంత, సమాచార హక్కు, పోక్సో, దివ్యాంగుల హక్కుల చట్టాల్లో మరికొంత చెల్లాచెదురుగా ఉంది. పైగా అన్నింటికీ ఒకే దారి పనికిరాదు. కొన్ని వివరాలను బడి తనంతట తానే బయటపెట్టాలి. కొన్నింటిని విద్యాశాఖ అధికారికి సమర్పించాలి, అవి తల్లిదండ్రులకు అందేది ఆ అధికారి కార్యాలయం ద్వారా. మిగతావి పిల్లవాడి చదువుకు సంబంధించినవి కాబట్టి తల్లిదండ్రులకు నేరుగా చెప్పాలి. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలియకపోవడం వల్లే చాలామంది కౌంటర్ దగ్గర 'అవన్నీ హెడ్డాఫీసులో ఉంటాయండీ' అన్న మాట విని వెనక్కి వచ్చేస్తారు.

గుర్తింపు పత్రం: మొదట చూడాల్సింది ఇదే

విద్యాహక్కు చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడపకూడదు. నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తే రోజుకు 10 వేల దాకా అదనం. అయినా ఏటా జూన్‌లో గుర్తింపు లేని బడుల జాబితాలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. అప్పటికే ఆ బడుల్లో పిల్లలు చేరిపోయి ఉంటారు.

గుర్తింపు ఉందా లేదా అని అడిగితే 'ఉంది' అనే జవాబే వస్తుంది. ఆ మాటతో సరిపెట్టుకోకుండా పత్రం నకలు చూడాలి. అందులో బడి పేరు బోర్డు మీద ఉన్న పేరేనా, చిరునామా పిల్లలు కూర్చునే భవనానిదేనా, ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా ఏ మాధ్యమంలో అనుమతి ఇచ్చారు, ఏ విద్యాసంవత్సరం దాకా చెల్లుతుంది అన్న నాలుగు సంగతులూ సరిపోలాలి. ఏడో తరగతి దాకా గుర్తింపు తెచ్చుకుని పది దాకా నడిపేవారున్నారు. ఒక భవనానికి తీసుకున్న అనుమతితో రెండు వీధుల అవతల మరో బ్రాంచి తెరిచేవారూ ఉన్నారు.

దీనివల్ల నష్టం ఏమిటన్నది వెంటనే కనిపించదు. గుర్తింపు లేని బ్రాంచిలోని పిల్లల పేర్లను గుర్తింపు ఉన్న మరో బడి రిజిస్టర్లలో ఎక్కిస్తారు. పదో తరగతి హాల్ టికెట్ మీద ఎన్నడూ అడుగుపెట్టని బడి పేరు వస్తుంది. టీసీ, బోనఫైడ్, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఆ బడి పేరుతోనే వస్తాయి. ఆ బడి వేరే జిల్లాలో ఉంటే దెబ్బ ఇంకా పెద్దది. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాలకు లోకల్ అభ్యర్థి ఎవరన్నది తేల్చడానికి ఒకటి నుంచి ఏడు తరగతుల మధ్య కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. అంటే రెండో తరగతిలో పేరు ఎక్కడ ఎక్కించారన్న విషయం ఇరవై ఏళ్ల తర్వాత ఉద్యోగ దరఖాస్తులో బయటపడుతుంది. అప్పటికి ఆ బ్రాంచే ఉండకపోవచ్చు.

దీన్ని ఇంట్లో కూర్చునే సరిచూసుకునే మార్గం యూడైస్ కోడ్. దేశంలో ప్రతి గుర్తింపు పొందిన బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ బడులకు 28తో, తెలంగాణ బడులకు 36తో మొదలవుతుంది. యూడైస్ ప్లస్ పోర్టల్‌లోని 'నో యువర్ స్కూల్' పేజీలో ఆ కోడ్ కొడితే బడి పేరు, చిరునామా, ఏ తరగతులు, ఏ యాజమాన్యం వంటి వివరాలు వస్తాయి. చేరబోయే బ్రాంచి కోడ్ అడిగినప్పుడు మరో బ్రాంచి కోడ్ ఇస్తే పరిస్థితి అర్థమైనట్టే. చేరిన తర్వాత పిల్లవాడి శాశ్వత విద్యా సంఖ్య, అంటే పెన్ నంబరు, ఏ కోడ్ కింద ఉందో కూడా ఒకసారి అడిగి రాసుకోవాలి.

'సీబీఎస్ఈ సిలబస్' అని బోర్డు పెట్టుకోవడానికీ, సీబీఎస్ఈ అఫిలియేషన్ ఉండటానికీ సంబంధం లేదు. సీబీఎస్ఈ పుస్తకాలు ఎవరైనా చెప్పుకోవచ్చు, బోర్డు పరీక్షకు పిల్లల్ని పంపగలిగేది అఫిలియేషన్ ఉన్న బడి మాత్రమే. బోర్డు వారి సారస్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లాలవారీగా బడుల జాబితా ఉంటుంది. అందులో లేని బడికి ఆ బోర్డుతో సంబంధం లేదనే అనుకోవాలి.

అఫిలియేషన్ ఉన్న బడుల విషయంలో తల్లిదండ్రులకు ఒక మంచి వెసులుబాటు ఉంది. 2018 అఫిలియేషన్ నియమావళి కింద ప్రతి సీబీఎస్ఈ బడీ తన వెబ్‌సైట్‌లో 'మ్యాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్' పేరుతో ఒక పేజీ పెట్టి తీరాలి. అందులో అఫిలియేషన్ లేఖ, సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్, రాష్ట్ర ప్రభుత్వ ఎన్‌ఓసీ, గుర్తింపు పత్రం, భవన భద్రత, అగ్నిమాపక శాఖ, తాగునీరు, పారిశుద్ధ్య ధ్రువపత్రాల నకళ్లు ఉండాలి. ఫీజుల పట్టిక, విద్యా క్యాలెండర్, యాజమాన్య కమిటీ, తల్లిదండ్రులు-ఉపాధ్యాయుల సంఘం సభ్యుల జాబితాలు, మూడేళ్ల బోర్డు ఫలితాలు ఉండాలి. ఉపాధ్యాయులు ఎందరు, స్పెషల్ ఎడ్యుకేటర్, కౌన్సెలర్ ఉన్నారా, గదులు, ల్యాబులు, మరుగుదొడ్లు ఎన్ని అన్నవీ చెప్పాలి. ఈ పేజీలో ఎక్కువగా కనిపించే లోపాలు మూడు: లింకు నొక్కితే ఫైలు తెరుచుకోదు, అగ్నిమాపక పత్రం గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, ఫీజుల పట్టిక రెండేళ్ల కిందటిది. మూడోది దొరికితే వదులుకోకూడదు. బడి తనంతట తాను ప్రకటించిన ఫీజు అది. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. అది ఎందుకు పనికొస్తుందో చూద్దాం.

ఫీజు: 'ప్రకటించినది' అన్న మాటలోనే బలమంతా

డొనేషన్ అంటే ఏదో అస్పష్టమైన మాట అనుకుంటారు గానీ విద్యాహక్కు చట్టం దానికి చాలా సూటిగా అర్థం చెప్పింది. బడి ప్రకటించిన ఫీజు కాకుండా ఏ పేరుతో ఏది వసూలు చేసినా అది క్యాపిటేషన్ ఫీజే. బిల్డింగ్ ఫండ్, డెవలప్‌మెంట్ చార్జీ, 'సీటు కన్ఫర్మేషన్' ఇలా పేరు ఏదైనా కావచ్చు. ప్రకటించిన పట్టికలో లేకపోతే 13వ సెక్షన్ కింద అది నేరం, తీసుకున్న మొత్తానికి పదిరెట్ల దాకా జరిమానా. అదే సెక్షన్ ప్రవేశ పరీక్షలనూ, పిల్లల్నో తల్లిదండ్రుల్నో ఇంటర్వ్యూ చేసి సీటివ్వడాన్నీ నిషేధించింది. మొదటిసారి 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, అంటే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా వర్తించేది. ఎల్‌కేజీ ఇంటర్వ్యూల మీద, తొమ్మిదో తరగతి స్క్రీనింగ్ టెస్టుల మీద ఈ సెక్షన్ అంత గట్టిగా పనిచేయకపోవడానికి కారణం అదే.

కాబట్టి అసలు ప్రశ్న 'ఎంత ఎక్కువ తీసుకున్నారు' అన్నది కాదు, 'ఎంత అని ప్రకటించారు' అన్నది. ప్రకటన కాగితం చేతిలో లేకుండా అధికారి దగ్గరికి వెళితే ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది.

ఫీజు ఎంత ఉండాలన్నదాని మీద రాష్ట్రాల పరిస్థితి వేర్వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1 ప్రైవేటు బడుల స్థాపన, గుర్తింపు, నిర్వహణకు నిబంధనలు పెట్టింది. ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకు పోవాలని, యాజమాన్యానికి మిగిలేది 5 శాతమేనని అందులో ఉంది. తెలంగాణలో ఏళ్లుగా తల్లిదండ్రుల సంఘాల వాదనంతా ఈ జీవో చుట్టూనే తిరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చట్టం చేసి పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ను ఏర్పాటు చేశారు. ఆ కమిషన్ సిఫారసుతో 2021లో పల్లె, పట్టణం, నగరం అన్న లెక్కన గరిష్ఠ ఫీజులు ఖరారు చేస్తూ జీవో 53 వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అందరికీ ఒకే కొలత పెట్టే ప్రయత్నాలు కోర్టుల్లో నిలబడటం కష్టం. ప్రైవేటు బడులు సహేతుకమైన మిగులు ఉంచుకోవచ్చు, లాభాపేక్షతో దండుకోకూడదు అన్నది 2004 మోడర్న్ స్కూల్ తీర్పు నుంచీ సుప్రీంకోర్టు చెబుతున్న మాట. ఆ గీత ఎక్కడుందో తేలాలంటే ఆ బడి లెక్కలే చూడాలి.

అందుకే అడ్మిషన్ రోజునే ఫీజుల పట్టిక కాగితం మీద అడగాలి. ట్యూషన్ ఫీజు, అడ్మిషన్ ఫీజు, టర్మ్ ఫీజు, పరీక్ష ఫీజు, బస్సు, పుస్తకాలు విడివిడిగా ఉండాలి. తిరిగిచ్చే డిపాజిట్ ఏది, తిరిగివ్వనిది ఏది రాసి ఉండాలి. మధ్యలో మానేస్తే ఎంత వాపసు, వచ్చే ఏడాది ఎంత శాతం పెంచుతారు అన్నవి నోటిమాటగా చెబితే అదే సంగతిని వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో మనమే రాసి పంపి 'మీరు చెప్పింది ఇదే కదా' అని జవాబు రాబట్టాలి. రసీదు ఎవరి పేరుతో ఉందో చూడటం అన్నింటికన్నా ముఖ్యం. కొంత మొత్తానికి బడి పేరుతో, మిగతాదానికి ఏదో ఫౌండేషన్ పేరుతోనో పుస్తకాల కంపెనీ పేరుతోనో రసీదులు ఇస్తే రేపు లెక్క అడిగినప్పుడు బడి వారు చూపేది మొదటి రసీదు మొత్తమే. పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ట్యూషన్ ఫీజుకే వర్తిస్తుంది. అంతా కలిపి ఒకే అంకె వేసిన రసీదు అక్కడా పనికిరాదు.

యూనిఫాం, బెల్టు, బూట్లు బడిలోనే కొనాలని ఒత్తిడి చేయొద్దంటూ జిల్లా విద్యాశాఖాధికారులు విద్యాసంవత్సరం మొదట్లో ఉత్తర్వులు ఇస్తుంటారు. ఆ ఏడాది ఉత్తర్వు కాపీ ఫోన్‌లో ఉంచుకుంటే కౌంటర్ దగ్గర వాదన చాలా తగ్గుతుంది.

బడి ఇవ్వకపోతే ఎంఈవో ఆఫీసు ఇస్తుంది

ప్రైవేటు బడి మీద నేరుగా సమాచార హక్కు దరఖాస్తు వేయలేమన్నది నిజమే. కానీ సమాచార హక్కు చట్టంలోని 2(ఎఫ్) సెక్షన్ చూడండి: ఏ ఇతర చట్టం కింద అయినా ప్రభుత్వ అధికారి ఒక ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగలిగిన సమాచారం కూడా 'సమాచారమే'. గుర్తింపు దరఖాస్తు, తనిఖీ నివేదిక, అగ్నిమాపక పత్రం, ఉపాధ్యాయుల జాబితా ఇవన్నీ ఎంఈవో (మండల విద్యాధికారి), డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) కార్యాలయాల ఫైళ్లలో ఉండాల్సినవే. కాబట్టి దరఖాస్తు వేయాల్సింది అక్కడ.

రుసుము మండల స్థాయి కార్యాలయంలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. తెల్లరేషన్ కార్డు చూపే పేద కుటుంబాలకు రుసుము లేదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తులు ఎక్కువగా చెడిపోయేది ప్రశ్న రాసే తీరు వల్ల. 'ఈ బడికి గుర్తింపు ఎందుకు ఇచ్చారు?', 'ఇంత ఫీజు న్యాయమేనా?' అని రాస్తే అది సమాచారం కాదంటూ తిప్పి పంపుతారు. 'ఫలానా యూడైస్ కోడ్ గల బడి గుర్తింపు ఉత్తర్వు నకలు, ఆఖరి తనిఖీ నివేదిక నకలు, సమర్పించిన ఫీజుల వివరాల నకలు ఇవ్వగలరు' అని రాస్తే తప్పించుకునే దారి ఉండదు. అడగాల్సింది కాగితాన్ని, అభిప్రాయాన్ని కాదు.

టీసీ ఆపేస్తే

ఫీజు బాకీ ఉందని టీసీ ఆపడం అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. ఇక్కడ చట్టం చెప్పేది ఒకటి, జనంలో ప్రచారంలో ఉన్నది మరొకటి. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం పిల్లవాడు బడి మారాలనుకుంటే ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి ప్రవేశాన్ని ఆపకూడదు, వాయిదా వేయకూడదు. అయితే ఈ హక్కు ప్రభుత్వ బడికో, ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ బడికో మారేటప్పుడు వర్తిస్తుంది. ఒక అన్ఎయిడెడ్ ప్రైవేటు బడి నుంచి మరో అన్ఎయిడెడ్ బడికి మారేటప్పుడు ఈ సెక్షన్ నేరుగా అక్కరకు రాదు. ఈ తేడా తెలియక చాలామంది కొత్త ప్రైవేటు బడితో గొడవపడి అలసిపోతారు.

అలాగని బాకీ కోసం టీసీని పట్టి ఉంచడం న్యాయమైపోదు. బాకీ వసూలుకు యాజమాన్యానికి సివిల్ దావా అనే మార్గం ఉంది. టీసీ అనేది ఫీజు వసూలు సాధనం కాదని 2024 జులైలో మద్రాసు హైకోర్టు స్పష్టంగా చెప్పింది. మన రాష్ట్రాలకు అది కట్టుబాటు తీర్పు కాకపోయినా ఫిర్యాదులో ప్రస్తావించదగ్గ వాదన.

చేయాల్సిన పని వరసగా ఇది. టీసీ కోసం కాగితం మీద దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం, ముద్ర తీసుకోవాలి. బడి వారు తీసుకోబోమంటే అదే దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాలి. వారం దాటితే ఆ రెండు కాగితాలతో ఎంఈవోకు ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు డీఈవోకు పంపాలి. పిల్లవాడు ఎనిమిదో తరగతి లోపు అయితే ఈలోగా ప్రభుత్వ బడిలో చేర్చేయవచ్చు, చదువు ఆగాల్సిన పని లేదు. ఇప్పుడు టీసీతోపాటు మరో ముడి కూడా ఉంది. యూడైస్ ప్లస్‌లో పిల్లవాడి పేరును పాత బడి వదిలితేనే కొత్త బడి లాగుకోగలుగుతుంది. చేతికి టీసీ వచ్చినా ఆన్‌లైన్‌లో పేరు పాత బడిలోనే ఉండిపోతే ఏడాది చివర కొత్త బడి జాబితాలో పిల్లవాడు కనిపించడు. టీసీ తీసుకునేటప్పుడే పేరును 'డ్రాప్‌బాక్స్‌లో పెట్టారా', అంటే ఆన్‌లైన్‌లో వదిలారా, అని అడగాలి. బెంగళూరుకో చెన్నైకో మారే కుటుంబాలను చాలా బడులు టీసీ మీద డీఈవో సంతకం కూడా అడుగుతాయి. ఊరు వదిలే ముందే అది పూర్తిచేసుకోవడం నయం.

పిల్లవాడి చదువు గురించి చెప్పడం ఉపాధ్యాయుడి విధి

తల్లిదండ్రుల సమావేశం బడి దయతో పెట్టేది కాదు. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధుల్లోనే దాన్ని చేర్చింది: తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై హాజరు ఎలా ఉంది, నేర్చుకునే శక్తి ఎలా ఉంది, ఎంత పురోగతి సాధించాడు అన్నవి చెప్పాలి. ఫీజు బాకీ ఉందని ప్రోగ్రెస్ కార్డు దాచిపెట్టడం ఈ విధికి విరుద్ధం. 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బాకీ ఉన్న పిల్లల్ని తరగతి బయట నిలబెట్టడం, అందరి ముందు పేర్లు చదవడం మానసిక వేధింపు కిందికే వస్తాయని గట్టిగా వాదించవచ్చు.

ఫెయిల్ చేసే విషయంలో ఆ చట్టానికి వచ్చిన 2019 సవరణ తర్వాత అయోమయం పెరిగింది. ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పినవారికి ఫలితాలొచ్చిన రెండు నెలల్లో మరో అవకాశమిచ్చి, అప్పటికీ తప్పితే అదే తరగతిలో ఉంచాలా వద్దా అన్నది ఆయా ప్రభుత్వాల ఇష్టానికి వదిలారు. 2024 డిసెంబరులో కేంద్రం తన పరిధిలోని కేంద్రీయ విద్యాలయాలు, నవోదయాల వంటి బడులకు ఆ నియమం తెచ్చింది. మూడో తరగతి పిల్లవాడినో ఆరో తరగతి పిల్లవాడినో 'మార్కులు లేవు, ఇదే క్లాసులో ఉంచుతాం, లేకపోతే టీసీ తీసుకోండి' అనే అధికారం మాత్రం ఏ బడికీ లేదు. ఎనిమిది పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడం ఇప్పటికీ నిషేధమే.

పదో తరగతికి వచ్చాక బడి తల్లిదండ్రులకు చూపించాల్సిన ముఖ్యమైన కాగితం నామినల్ రోల్. పిల్లవాడి పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, మాధ్యమం, భాషలు అందులో ఎలా ఎక్కిస్తే మార్కుల మెమోలో అలాగే వస్తాయి. ఇంటిపేరు పొట్టి అక్షరమా పూర్తిగానా అన్న చిన్న తేడా ఆధార్‌తో, పాస్‌పోర్టుతో కుదరక ఏళ్లపాటు తిప్పుతుంది. బోర్డుకు ఆన్‌లైన్‌లో పంపే ముందే ప్రింటు అడిగి సంతకం పెట్టాలి. దివ్యాంగ పిల్లలకు అదనపు సమయం, స్క్రైబ్ (పరీక్ష రాసిపెట్టే సహాయకుడు) వంటి సౌకర్యాలు కూడా ఆ దశలోనే వైద్య ధ్రువపత్రంతో అడగాలి. పరీక్షల ముందు వారం అడిగితే హెడ్‌మాస్టర్ చేతిలో కూడా ఏమీ ఉండదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ఇచ్చిన హక్కు. ఇది పద్నాలుగేళ్లతో ఆగిపోదు.

ప్రభుత్వ బడిలో అడగాల్సిన లెక్కలు

ప్రభుత్వ బడుల తల్లిదండ్రులకు చట్టం ఇచ్చిన స్థానం ఇంకా పెద్దది. వాళ్లు సమాచారం అందుకునేవారు మాత్రమే కాదు, పర్యవేక్షకులు కూడా. పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది, అంటే 75 శాతం, తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. గ్రాంట్ల ఖర్చును చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం కమిటీ పని. సమగ్ర శిక్ష కింద కాంపోజిట్ గ్రాంట్ విద్యార్థుల సంఖ్యను బట్టి వస్తుంది: 31 నుంచి 100 మంది ఉంటే ఏడాదికి 25 వేలు, 101 నుంచి 250 మంది ఉంటే 50 వేలు. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే వాడాలి. మరుగుదొడ్డికి నీళ్లు లేవన్న ఫిర్యాదు కన్నా 'ఈ ఏడాది గ్రాంటు ఎంత వచ్చింది, పరిశుభ్రతకు ఎంత ఖర్చయింది, తీర్మానం ఎక్కడ' అన్న ప్రశ్నకు త్వరగా కదలిక వస్తుంది. తీర్మానాల పుస్తకంలో సంతకాలుండి సమావేశమే జరగని కమిటీలు చాలా ఉన్నాయి. సంతకం పెట్టే ముందు తీర్మానం చదివించుకోవడం సభ్యులైన తల్లుల హక్కు.

మధ్యాహ్న భోజనం విషయంలో మెనూ బడి గోడ మీద అందరికీ కనబడేలా ఉండాలి. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాములు. 2015 నిబంధనల ప్రకారం బడి ఉన్న రోజున ఏ కారణం వల్లనైనా భోజనం పెట్టకపోతే ఆహార భద్రతా భత్యం ఇవ్వాలి, అదీ మరుసటి నెల 15వ తేదీలోగా. వరసగా మూడు రోజులో, నెలలో ఐదు రోజులో వంట ఆగితే బాధ్యులెవరో తేల్చాలి. ఈ భత్యం గురించి తెలిసిన తల్లిదండ్రులు చాలా తక్కువ, అడిగేవారు ఇంకా తక్కువ.

భద్రత, గుర్తింపు సంఖ్యలు

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో గడ్డికప్పు వంటగది నుంచి అంటుకున్న మంటల్లో 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ నేపథ్యంలోనే 2009లో సుప్రీంకోర్టు సురక్షితమైన బడి కూడా విద్యాహక్కులో భాగమేనని చెప్పి, అగ్నిమాపక ఏర్పాట్లు, భవన భద్రత ధ్రువపత్రాలు తప్పనిసరి చేసింది. కాబట్టి వాటి నకలు అడగడం అతి జాగ్రత్త కాదు. బస్సుల విషయంలో మన రెండు రాష్ట్రాల్లోనూ విద్యాసంస్థల వాహనాల ఫిట్‌నెస్ మే 15తో ముగుస్తుంది, బడులు తెరిచేలోగా కొత్తది తెచ్చుకోవాలి. బస్సు నంబరుతో ఎం-పరివాహన్ యాప్‌లో నిమిషంలో చూసుకోవచ్చు.

లైంగిక వేధింపుల ఫిర్యాదు వచ్చినప్పుడు 'ముందు మేం లోపల విచారించుకుంటాం' అనే బడి చట్టాన్ని ఉల్లంఘిస్తున్నట్టే. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పాలి. దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది దాకా జైలు. పిల్లలతో పనిచేసే సిబ్బంది అందరి గతాన్ని పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు సరిచూడాలని, పిల్లల రక్షణ విధానం ఉండాలని 2020 పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. డ్రైవర్లు, ఆయాలు, కాంట్రాక్టు సిబ్బందీ అందులోకి వస్తారు. 'వెరిఫికేషన్ ఆఖరిసారి ఎప్పుడు చేయించారు' అని సమావేశంలో అడగదగ్గ ప్రశ్న. తల్లిదండ్రులు నేరుగా పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయవచ్చు.

ఆధార్ లేదని సీటు నిరాకరించడానికి వీల్లేదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. పుట్టిన తేదీ పత్రం లేకపోయినా అంతే. ఆసుపత్రి లేదా అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకపోతే తల్లిదండ్రుల రాతపూర్వక ప్రకటన చాలు. విద్యార్థులకు ఇచ్చే 12 అంకెల అపార్ ఐడీకి తల్లిదండ్రుల సమ్మతి పత్రం కావాలి. సమ్మతి అంటేనే కాదనే వీలు ఉన్నట్టు. సంతకానికి ముందు ఆ పత్రం చదవడానికి ఇంటికి తీసుకెళ్లడంలో తప్పేమీ లేదు.

ఫిర్యాదు ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ నిలబడదు

విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద రాతపూర్వక ఫిర్యాదు స్థానిక అధికార సంస్థకు ఇవ్వాలి, వారు ఇరుపక్షాలనూ విని మూడు నెలల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు. ఒక ఫిర్యాదులో ఒకే అంశం ఉండాలి, సెక్షన్ నంబరు ఉండాలి, జతచేసిన కాగితాల జాబితా ఉండాలి. ఫీజు, కొట్టడం, బస్సు, భోజనం అన్నీ ఒకే కాగితంలో రాస్తే అది ఒక్కో అంశానికి ఒక్కో శాఖ చుట్టూ తిరిగి ఎక్కడా తేలదు.

ఒక పరిమితి మాత్రం ముందే తెలిసి ఉండాలి. 2014 ప్రమతి తీర్పులో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు, అవి ఎయిడెడ్ అయినా కాకపోయినా, విద్యాహక్కు చట్టం వర్తించదని చెప్పింది. ఆ తీర్పు సరైనదేనా అన్న సందేహాన్ని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం లేవనెత్తి విస్తృత ధర్మాసనానికి పంపాలని కోరింది. అది తేలేదాకా మైనారిటీ హోదా ఉన్న బడి మీద 5, 13, 17, 32 సెక్షన్ల కింద వేసే ఫిర్యాదు మొదటి అభ్యంతరం దగ్గరే ఆగిపోవచ్చు. అక్కడ పోక్సో, అగ్నిమాపక నిబంధనలు, బోర్డు అఫిలియేషన్ షరతులు, ఎంఈవో కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు యథాతథంగా పనిచేస్తాయి. బడికి మైనారిటీ హోదా ఉందో లేదో కూడా ఫీజు కట్టేముందు అడిగి, ఆ ధ్రువపత్రం నకలు చూడాల్సిన సంగతే.